గుండె మొదట్లో గడ్డ ఉందన్నారు, మా పిల్లి సున్నుండకి. తెలిసినవాళ్లు కాస్త చూడండి

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 11, రాత్రి 11:52

నిద్ర పట్టక రాస్తున్నాను. పొడుగైపోతే ఏమీ అనుకోకండి.

సున్నుండ మాకు 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను వెళ్లిన నాలుగో రోజున, వీధిలో కూలిన బాదం చెట్టు కొమ్మల కింద దొరికింది. నాటు పిల్లి, ఆడది, ఆపరేషన్ అయింది. రంగు చూసి మా అత్తయ్యగారు పెట్టిన పేరు. ఇన్నేళ్లలో ఒకసారి చెవి పుండు తప్ప జబ్బన్నది ఎరగదు.

రెండు వారాల కిందట ఫ్రిజ్ మీదికి ఎక్కడం మానేసింది. ఎండలు కదా, బద్ధకం అనుకున్నాం. తర్వాత తిండి సగమైంది. పోయిన శుక్రవారం చూస్తే బీరువా కింద మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాపి కూర్చుంది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. వెంటనే తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దగా ఉంది, ఊపిరితిత్తుల చుట్టూ నీళ్లున్నాయి అన్నారు. సూది పెట్టి 130 మి.లీ. తీశారు. దానిమ్మ గింజలు కడిగిన నీళ్లలా ఉంది. తీయగానే నా కళ్ల ముందే ఊపిరి నెమ్మదించింది. ఒంట్లో నీరు లాగే లాసిక్స్ రాసి పంపారు.

మర్నాడు ఇంకోచోట ఎకో చేయించాం. ఆ డాక్టరుగారు కాగితం మీద రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నా: ఎడమ కర్ణిక మామూలుగానే ఉంది. ఎడమ జఠరిక గోడ 4.6 మి.మీ. గుండె చుట్టూ సంచిలో కాస్త నీరు. బృహద్ధమని మొదలు పక్కన సుమారు 2.2 సెం.మీ. గడ్డ.

ఆ కాగితం మొదటి డాక్టరుగారికి చూపిస్తే, "క్యాన్సరే అయ్యుంటుందమ్మా, స్టెరాయిడ్ రాస్తున్నా, ఉన్నన్నాళ్లు బాగా చూసుకోండి" అన్నారు. ఆయన తప్పు పట్టడం లేదు, నాలుగు నిమిషాల్లో చెప్పగలిగింది చెప్పారు. కానీ "అయ్యుంటుంది" అన్న మాట మింగుడు పడటం లేదు. క్యాన్సర్ అయితే ఏ క్యాన్సర్? పిల్లి గుండెకి కూడా గడ్డలొస్తాయా? ఎవరికైనా ఇలా జరిగిందా?

పిల్లిమావయ్య | కాకినాడ | జూన్ 12, ఉదయం 6:10

అయ్యో తల్లీ. ఫ్రిజ్ మీద కూర్చున్న ఫొటో పోయినేడు పెట్టావు, గుర్తుంది. నాకు వైద్యం తెలీదు. పీజీ తమ్ముడు చూస్తాడు, కాస్త ఓపిక పట్టు.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 12, ఉదయం 7:35

అక్కా, చదివాను. ముందే చెబుతున్నా, సున్నుండను నేను చూడలేదు. కాగితం చూసి మాట్లాడటమే ఇది.

నాలుగు సంగతులు చెప్పండి. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? ఆ తీసిన నీళ్లను పరీక్షకు పంపారా? లుకేమియా వైరస్, ఎఫ్‌ఐవీ (పిల్లుల ఎయిడ్స్ వైరస్) కిట్ పరీక్ష అయిందా? అన్నిటికంటే ముఖ్యం, స్టెరాయిడ్ మొదలుపెట్టారా?

ఇప్పుడు కాగితం సంగతి. పిల్లి ఛాతీలో నీళ్లు, ఎక్స్‌రేలో పెద్ద గుండె అనగానే అందరికీ తట్టేది హెచ్‌సీఎం, అంటే గుండె గోడ మందమయ్యే జబ్బు. తట్టడం సహజమే, పిల్లుల గుండె జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది అదే. కానీ గోడ 6 మి.మీ. దాటితే మందం అంటాం, మీ దానిది 4.6. గుండె చేతులెత్తేసి నీళ్లు చేరాయంటే ఎడమ కర్ణిక ఉబ్బి ఉండాలి, అది మామూలుగా ఉంది. అంటే నీళ్లకు కారణం గుండె బలహీనత కాదు. ఎకో చేసినాయన ఈ రెండు ముక్కలు రాయడం మీ అదృష్టం. చాలా రిపోర్టుల్లో ఉత్త "కార్డియోమెగలీ", అంటే గుండె పెద్దదైందని మాత్రమే ఉంటుంది.

మిగిలింది గడ్డ. పిల్లుల గుండెలో, గుండె మొదట్లో గడ్డలు చాలా అరుదు. వచ్చినవాటిలో ముందు అనుమానించాల్సింది లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్. తర్వాత కీమోడెక్టోమా అని ఒకటుంది. బృహద్ధమని మొదట్లో రక్తంలో ఆక్సిజన్ ఎంతుంది, ఆమ్లత ఎంతుంది అని కనిపెట్టే చిన్న కణాల గుంపు ఉంటుంది, ఇది అక్కడ పుడుతుంది. మూడోది థైరాయిడ్ గడ్డ. గొంతులో ఉండాల్సిన థైరాయిడ్ ముక్క పిండంగా ఉన్నప్పుడే జారి గుండె దగ్గర ఉండిపోతుంది, పెద్దయ్యాక దానికి క్యాన్సర్ రావచ్చు. థైమోమా, అంటే థైమస్ గ్రంథి గడ్డ అయితే గుండెకు ఇంకాస్త ముందు ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అక్కడికి పాకి ఉండొచ్చు.

అసలు గడ్డే కాకపోవచ్చు కూడా. నీళ్లలో ముడుచుకుపోయిన ఊపిరితిత్తి కొస ఎకోలో అచ్చం గడ్డలా తేలుతుంది. గడ్డకట్టిన రక్తం, గుండె మీది కొవ్వు కూడా కళ్లు కప్పుతాయి.

ఎకో అక్కడేదో ఉందని చెబుతుంది. దాని పేరు చెప్పలేదు. పేరు కావాలంటే కణాలు కావాలి.

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 12, ఉదయం 8:20

తమ్ముడూ, నీ మెసేజ్ మూడుసార్లు చదివాను.

నిద్రలో 38. నీళ్లు... పారేశారు. అసిస్టెంటు అబ్బాయి సింకులో పోయడం నేనే చూశాను. అడగాలని కూడా తోచలేదు. వైరస్ పరీక్ష చేయలేదు. స్టెరాయిడ్ కొన్నాం, ఈ రోజు టిఫిన్ తర్వాత మొదటిది వేయాలి.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 12, ఉదయం 8:26

వేయకండి. ముందు మీ డాక్టరుగారికి ఫోన్ చేసి, "శాంపిల్ తీసేదాకా ఆపొచ్చా" అని అడగండి. ఆయన కాదనరు.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ లింఫోమా కణాలను రోజుల్లో చంపేస్తుంది. మంచిదేగా అనిపిస్తుంది. కానీ చంపేది కొన్నాళ్లే, అవి తిరిగొస్తాయి, వచ్చేటప్పుడు మందుకు లొంగకుండా వస్తాయి. ఈలోగా శాంపిల్ తీస్తే లింఫోమా ఆనవాలే దొరకదు. జబ్బు పోలేదు, సాక్ష్యం మాత్రం పోయింది. దొంగను పట్టుకోకముందే వేలిముద్రలు తుడిచినట్టు.

ఇంకొకటి. 38 అంటే నీళ్లు మళ్లీ చేరుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రలో 30 లోపు ఉండాలి. నోరు తెరిచి ఊపిరి తీసినా, నాలుక నీలంగా మారినా ఈ చర్చంతా పక్కన పెట్టి పరిగెత్తండి. అప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత సూది, ఆ తర్వాతే ఎక్స్‌రే. ఎక్స్‌రే తీసినా బోర్లా పడుకోబెట్టే తీయమనండి. వెల్లకిలా పడేసి పట్టుకుంటే ఆ బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ఈసారి తీసిన నీళ్లలో ఒక్క చుక్క కూడా పారేయనివ్వకండి. ఊదా మూత గొట్టంలో కొంత, ఎర్ర మూత గొట్టంలో కొంత. అక్కడికక్కడే గాజు పలక మీద రెండు మూడు స్మియర్లు గీయమనండి. నీళ్లలో కణాలు గంటల్లోనే చెడిపోతాయి, అందుకే పలక ముఖ్యం.

కొత్తిమీర కట్ట | రాజమండ్రి | జూన్ 12, ఉదయం 9:02

మా ఇంట్లో పసుపు, మిరియాలు కలిపి రెండు పూటలా పడతాం, ఎలాంటి గడ్డయినా కరుగుతుంది. నొప్పికి డోలో సగం బిళ్ల ఇవ్వండి.

నిర్వాహకుడు | జూన్ 12, ఉదయం 9:11

పై సలహా ఎవరూ పాటించకండి. డోలో అంటే పారాసెటమాల్. పిల్లి కాలేయం దాన్ని విరవలేదు, సగం బిళ్ల కూడా చంపేస్తుంది. మనుషుల మందులు ఇక్కడ సూచించకూడదని ఎన్నోసారి చెప్పడం! పోస్టు తీసేయకుండా ఉంచుతున్నా, చూసి నేర్చుకోవడానికి.

మియాపూర్ మ్యావ్ | హైదరాబాద్ | జూన్ 12, మధ్యాహ్నం 1:15

అక్కా, ఇప్పుడే పరేషాన్ గాకు. మా కాలూగానికి నాలుగేండ్ల కింద గిట్లనే అయ్యింది. సూదుల కోసం తీస్కపోతే ఊపిరి ఎక్కువున్నదని ఎక్స్‌రే తీసిన్రు. గుండె గుమ్మడికాయ లెక్క గుండ్రంగ ఉన్నది. గుండెకు గడ్డ, చుట్టూ నీళ్లు, ఆశ పెట్టుకోకున్రి అన్నరు. మా అమ్మ రెండు రోజులు బువ్వ తినలే.

ఇంకో కాడ స్కానింగ్ జేస్తే ఏం తేలిందో ఎరుకేనా? గుండె సంచిల లివర్ ముక్క ఉన్నది! పొట్టకు, ఛాతీకి నడుమ ఉండే పొర పుట్టుకతోనే సక్కగ మూసుకోలేదంట. లివర్ పైకి జారి గుండె పక్కన కూసున్నది. గడ్డ లేదు, గిడ్డ లేదు. ఆపరేషన్ గూడ చేయించలే, ఇప్పటికీ గోడలు దుంకుతడు.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 12, మధ్యాహ్నం 2:40

అన్నా, మంచి కేసు. పెరిటోనియోపెరికార్డియల్ డయాఫ్రాగ్మాటిక్ హెర్నియా అంటారు, పేరే రెండు లైన్లు. గుండ్రటి గుండె కనబడితే దీన్ని తప్పకుండా గుర్తుచేసుకోవాలి. సున్నుండ విషయంలో మాత్రం అవకాశం తక్కువ. గడ్డ ఉన్నది పైన, బృహద్ధమని పక్కన. లివర్ కిందినుంచి వస్తుంది.

రాకీ నాన్న | గుంటూరు | జూన్ 12, సాయంత్రం 6:30

మాది కుక్క, పిల్లి కాదు, అయినా రాస్తున్నా. మా గోల్డెన్‌కి గుండె సంచిలో నీళ్లు చేరితే డాక్టరుగారు వెంటనే కుడి కర్ణికలో గడ్డ కోసం వెతికారు, దొరికింది. హెమాంజియోసార్కోమా, రక్తనాళాల క్యాన్సర్. అప్పట్నుంచి గుండె సంచిలో నీళ్లంటే గడ్డే అని నా బుర్రలో పడిపోయింది. పిల్లుల్లో అలా కాదా?

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 12, రాత్రి 9:05

కాదండి. కుక్క గుండె సంచిలో నీళ్లుంటే ముందు గడ్డను అనుమానించాలి. పిల్లిలో ముందు గుండె వైఫల్యాన్ని, తర్వాత ఎఫ్‌ఐపీ (పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు) లాంటివాటిని చూసి, ఆపైన గడ్డ. కుక్కల పాఠం పిల్లికి అప్పజెబితే రెండు వైపులా తప్పుతాం. లేని గడ్డ ఉందంటాం, లేదా ఉన్నదాన్ని హెచ్‌సీఎం అని పంపేస్తాం. లింఫోమా నేరుగా గుండె కండరంలోకి పాకితే గోడ మందంగా కనబడి అచ్చం హెచ్‌సీఎంలా ఉంటుంది, అదింకో తిరకాసు. ఒంట్లో నీరు తగ్గిపోయిన పిల్లికి కూడా గోడ మందంగానే కనబడుతుంది.

ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్త పరీక్ష గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. గుండె మీద ఒత్తిడి పడుతోందా అన్నది చెబుతుంది, ఎందుకు పడుతోందో చెప్పదు. ఆయాసం గుండెదా, ఊపిరితిత్తులదా అని తేల్చుకోవడానికి బాగుంటుంది. గడ్డ సంగతికి పనికిరాదు.

నిష్ఠూరం నారాయణ | విజయవాడ | జూన్ 13, ఉదయం 10:20

అందరూ కొట్టడానికి రాకండి. పేరు తెలుసుకుని ఏం చేస్తారు? గుండె మొదట్లో గడ్డ. కోయలేరు. పదేళ్లు దాటిన పిల్లి. సీటీ, బయాప్సీ అంటూ మత్తిచ్చి, ఊళ్లు తిప్పి, డబ్బు పోసి చివరికి లాటిన్‌లో ఓ పేరు పట్టుకొస్తారు. ఆ డబ్బుతో వీధిలో ఇరవై పిల్లులకు ఆపరేషన్లు చేయించొచ్చు. మొదటి డాక్టరు చెప్పిందే సరైన సలహా.

డాలస్ పిన్ని | టెక్సస్ | జూన్ 13, మధ్యాహ్నం 12:48

నారాయణగారూ, కొట్టను. మా మింటూ కథ చెబుతాను, వినండి.

సయామీ, రెండేళ్లవాడు. ఛాతీ ముందు భాగంలో నిమ్మకాయంత గడ్డ, నీళ్లు. ఇక్కడా ఒకాయన మీలాగే అన్నారు. ఇంకొకావిడ నీళ్లు తీసి అక్కడే మైక్రోస్కోప్ కింద పెట్టి, అరగంటలో వచ్చి "లింఫోమా, అన్నీ పెద్ద పెద్ద లింఫోబ్లాస్టులే" అన్నారు. గడ్డను ముట్టుకోనే లేదు. లుకేమియా వైరస్ నెగిటివ్. సయామీల్లో చిన్న వయసులో వైరస్ లేకుండా కూడా ఇది వస్తుందట, మందుకు బాగా లొంగుతుందట. విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, ప్రెడ్నిసొలోన్, మూడూ కలిపి ఇచ్చారు. మూడో వారానికి ఎక్స్‌రేలో గడ్డ లేదు. వాడికిప్పుడు ఏడేళ్లు, ఈ పోస్టు రాస్తుంటే కీబోర్డు మీద కూర్చున్నాడు.

అందరికీ ఇలా జరగదు, తెలుసు. కానీ పేరు కనుక్కోకపోయి ఉంటే వాడు రెండేళ్లకే పోయేవాడు.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 13, రాత్రి 10:15

పిన్నిగారి పోస్టుకు ఒక తోక. లుకేమియా వైరస్ అన్నది బయటపడిందే ఇలాంటి పిల్లుల వల్ల. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం, ఒకే ఇంట్లో పిల్లులకు వరసగా లింఫోమా రావడం చూసి, ఇదేదో అంటుకునేదిలా ఉందని వెతికితే వైరస్ దొరికింది. అమెరికాలో దానికి టీకా 1985లో వచ్చింది. అంతకుముందు ఛాతీ లింఫోమా అంటే చిన్న వయసు, వైరస్ పాజిటివ్ పిల్లి అన్నట్టే ఉండేది. అందుకే ఇప్పటికీ మొదట ఆ కిట్ అడుగుతాం, రెండు చుక్కల రక్తం, పది నిమిషాలు.

పరీక్ష రేపు, కానీ చదవడం మానేసి ఇవి రాస్తున్నాను.

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 15, సాయంత్రం 5:40

నిన్న రాత్రి ఊపిరి 52కి వెళ్లింది. ఉదయం దాకా ఆగకుండా తీసుకెళ్లాం. 110 మి.లీ. తీశారు. ఈసారి నేను గొట్టాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. డాక్టరుగారు నవ్వి "ఎవరు చెప్పారమ్మా ఇవన్నీ" అన్నారు. స్టెరాయిడ్ ఆపమని ఆయనే అన్నారు, పైగా నీళ్లు మొదటిసారే పంపాల్సింది అని ఒప్పుకున్నారు. మంచి మనిషి.

లుకేమియా వైరస్, ఎఫ్‌ఐవీ రెండూ నెగిటివ్. థైరాయిడ్ టీ4 మామూలు. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగింది. నీళ్ల రిపోర్టు ఇప్పుడే వచ్చింది: లింఫోబ్లాస్టులు లేవు. కొన్ని న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజులు (మామూలు తెల్ల కణాలే), రియాక్టివ్ మీసోథీలియల్ కణాలు. క్యాన్సర్ కణాలు కనబడలేదు.

కనబడలేదంటే లేనట్టేనా? మా ఆయన అప్పుడే స్వీట్లు తెచ్చేశారు.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 15, సాయంత్రం 6:25

స్వీట్లు తినండి అక్కా, కానీ లేదని కాదు. లింఫోమా అయితే నీళ్లలోకి కణాలు రాలుస్తుంది, ఎక్కువసార్లు అక్కడే దొరికిపోతుంది. కాబట్టి లింఫోమా అవకాశం తగ్గింది. కీమోడెక్టోమా, థైరాయిడ్ గడ్డ లాంటివి గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి, నీళ్లలోకి రాలేది తక్కువ. వాటి విషయంలో ఈ రిపోర్టు ఏమీ చెప్పనట్టే.

మీసోథీలియల్ కణాలంటే ఛాతీ లోపలి పొర కణాలు. నీళ్లలో నానితే అవి వికారంగా మారి క్యాన్సర్‌లా కనబడతాయి. వాటిని చూసి క్యాన్సర్ అని రాసెయ్యకుండా "రియాక్టివ్" అన్నారంటే, చూసిన పెథాలజిస్టుకు చేయి తిరిగిందన్నమాట.

క్రియాటినిన్ పెరిగిందన్నారు కదా, లాసిక్స్ ఇంకా ఇస్తున్నారా? ఈ నీళ్లు గుండె వైఫల్యంవి కాకపోతే లాసిక్స్ వల్ల ఒంట్లో నీరు పోవడమే తప్ప ఛాతీలో నీరు పెద్దగా తగ్గదు. డాక్టరుగారిని అడగండి.

నిష్ఠూరం నారాయణ | విజయవాడ | జూన్ 15, రాత్రి 8:00

ఈ లాసిక్స్ పాయింటు నాకు తట్టలేదు. సరే.

మియాపూర్ మ్యావ్ | హైదరాబాద్ | జూన్ 16, ఉదయం 7:50

అక్కా, సీటీ కోసం ఈడికి వస్తవా? వస్తే మా ఇంట్లనే ఉండు. కాలూగాణ్ని పై రూముల పెడత.

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 21, రాత్రి 10:30

వచ్చాం తమ్ముడూ, నీకూ అమ్మగారికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. ఆవిడ పెట్టిన సర్వపిండి రుచి ఇంకా నోట్లోనే ఉంది.

రాత్రంతా కారులో వచ్చాం. సూర్యాపేట దాటేదాకా మా ఆయన నడుపుతుంటే నేను వెనక సీట్లో ఫోను లైటు వేసి ఊపిరి లెక్కపెడుతూనే ఉన్నాను. బయల్దేరేముందు నీళ్లు తీయించమని పీజీ తమ్ముడు చెప్పాడు, తీయించాం.

మత్తు అంటే నా భయమంతా. బ్యూటార్ఫనాల్ కొంచెం ఇచ్చి శాంతపరిచి, ముందు ఆక్సిజన్ పెట్టి, ఆ తర్వాత పూర్తి మత్తు ఇచ్చారు. సీటీ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రంగు మందు ఎక్కించగానే గడ్డ తెల్లగా వెలిగిందట, అంటే దానికి రక్తం బాగా అందుతోందన్నమాట. బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్యలో ఇరుక్కుని ఉంది, 2.4 సెం.మీ. ఊపిరితిత్తుల్లో మచ్చల్లేవు. మెడలో రెండు థైరాయిడ్లూ వాటి చోట అవి ఉన్నాయి.

రక్తం ఎక్కువున్న గడ్డ కాబట్టి సూది పెట్టాలా వద్దా అని ఇద్దరు డాక్టర్లు నా ముందే చర్చించుకున్నారు. కారితే గుండె సంచి రక్తంతో నిండిపోతుందన్నారు ఒకరు. చివరికి రక్తం గడ్డకట్టే పరీక్షలు చూసుకుని, అల్ట్రాసౌండ్ చూస్తూ అన్నిటికంటే సన్నటి సూదితో రెండుసార్లు మాత్రం గుచ్చారు. నేను బయట బెంచీ మీద హనుమాన్ చాలీసా రెండుసార్లు తప్పులతో చదివాను. ఏమీ కాలేదు. మత్తు దిగగానే నన్ను చూసి హిస్ మంది.

పిల్లిమావయ్య | కాకినాడ | జూన్ 21, రాత్రి 10:41

హిస్ మందంటే బాగున్నట్టే!

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 26, సాయంత్రం 4:15

వచ్చింది.

కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయట, చాలావరకు చుట్టూ ఉండే పదార్థం చిట్లిపోయి ఉత్త కేంద్రకాలే మిగిలాయట. న్యూరోఎండోక్రైన్ రకం, అంటే నరాల కణాల లక్షణాలూ హార్మోన్ గ్రంథుల లక్షణాలూ ఉన్నవి అని రాశారు. కీమోడెక్టోమా ఎక్కువ అనుమానం, జారిన థైరాయిడ్ క్యాన్సర్‌ను పూర్తిగా కొట్టేయలేం అన్నారు. మిగిలిన కణాలకు రంగుల పరీక్ష చేయమన్నాం. ఆ రకం కణాల గుర్తులు క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ పట్టాయి, థైరాయిడ్ గుర్తు థైరోగ్లోబ్యులిన్ పట్టలేదు. అంటే కీమోడెక్టోమానే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, లింఫోమా కాదని తెలిసి ఏడ్చాను. పిన్నిగారి మింటూ గురించి చదివాక లోపల లింఫోమా అవ్వాలనే కోరుకున్నాను. క్యాన్సర్లలో ఏది రావాలో ఎంచుకునే స్థితికి వస్తానని నెల కిందట అనుకోలేదు.

డాలస్ పిన్ని | టెక్సస్ | జూన్ 26, సాయంత్రం 5:02

సిగ్గెందుకమ్మా. ఆ వారం నేను కూడా అచ్చంగా అదే మొక్కుకున్నాను.

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | జూన్ 26, రాత్రి 9:30

కుక్కల్లో ఈ గడ్డ బాక్సర్, బోస్టన్ టెరియర్ లాంటి పొట్టి ముక్కు జాతుల్లో ఎక్కువ, చాలావాటిలో మెల్లగా పెరుగుతుంది. పిల్లుల్లో కేసులే తక్కువ, కాబట్టి ఎలా నడుస్తుందో గట్టిగా చెప్పడం కష్టం. కుక్కల కంటే మొండిగా ఉన్న కేసులు ఉన్నాయి. కోసి తీసేయడం ఆ చోటులో జరిగే పని కాదు. టోసెరానిబ్ అనే క్యాన్సర్ బిళ్ల, రేడియేషన్ గురించి డాక్టర్లు చెప్పే ఉంటారు. వాటి మీద అనుభవం ఎక్కువగా కుక్కల్లోనే. గుండె సంచిలో నీళ్లు పెరిగి గుండెను నొక్కేస్తుంటే సంచి కొంత కోసి తీసే ఆపరేషన్ ఉంది, సున్నుండకు ఇప్పుడు అక్కడ నీరు కొంచెమే కాబట్టి తొందర లేదు.

ముఖం, మెడ ఉబ్బుతున్నాయా అని రోజూ తడిమి చూడండి. గడ్డ పెరిగి పెద్ద సిరను నొక్కితే ముందు అక్కడే తెలుస్తుంది.

నిష్ఠూరం నారాయణ | విజయవాడ | జూన్ 27, ఉదయం 9:00

అమ్మా, వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. పేరు తెలిసింది. ఏం మారింది?

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | జూన్ 27, ఉదయం 11:25

న్యాయమైన ప్రశ్నే నారాయణగారూ. రాత్రి నేనూ అదే లెక్కేసుకున్నాను.

లాసిక్స్ ఆపేశారు, వారంలో క్రియాటినిన్ దిగింది, తిండి పెరిగింది. స్టెరాయిడ్ వేయలేదు, దీనికి దానివల్ల లాభం లేదట. కీమో అని వారం వారం సూదులకు తిప్పడం లేదు. నీళ్లు ఎన్ని రోజులకు చేరుతున్నాయో రాసుకుంటున్నాం, మొదట్లో నాలుగు రోజులు, ఇప్పుడు తొమ్మిది. 35 దాటితే తీసుకెళ్తాం, రాత్రి 52 దాకా రానివ్వం. డాక్టరుగారికి సగం మాట చెప్పేసరికే సరంజామా సిద్ధం చేస్తున్నారు. టోసెరానిబ్ వద్దనుకున్నాం, కడుపు పాడుచేస్తుందన్నారు, దానికి తిండే లోకం.

డబ్బు మాట, అవును, ఎక్కువే అయింది. మా ఆయన స్కూటరు మార్చడం వాయిదా వేశారు. వీధి పిల్లుల ఆపరేషన్ల మాట మర్చిపోలేదు, మా వీధిలో మూడున్నాయి, శ్రావణం వెళ్లాక చేయిస్తాను. మీరొకటి కట్టుకోండి.

నిష్ఠూరం నారాయణ | విజయవాడ | జూన్ 27, మధ్యాహ్నం 12:10

రెండు కడతా. నంబరు ప్రైవేటుగా పంపండి.

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | ఆగస్టు 9, సాయంత్రం 6:45

సున్నుండ ఎలా ఉందని ఎవరో అడిగారు కాబట్టి. సున్నుండ ఉంది. ఫ్రిజ్ మీదికి ఎక్కలేదు గానీ వాషింగ్ మిషను మీద స్టూలేస్తే ఎక్కుతోంది. నిద్రలో 28. నీళ్లు ఇప్పుడు రెండు వారాలకోసారి. గడ్డ 2.6 అయింది. పారిజాతం పూలు రాలితే వాటి మధ్యన పడుకుంటుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఫొటో తీస్తే మాత్రం లేచిపోతుంది.

తాటిబెల్లం | నెల్లూరు | ఆగస్టు 9, రాత్రి 9:58

నమస్తే, ఇక్కడ కొత్త. వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. మా మగ పిల్లికి ఆరేళ్లు. ఈ సాయంత్రం ఛాతీలో నీళ్లు తీశారు, పాలలా తెల్లగా ఉన్నాయి. ఎక్స్‌రేలో గుండె ముందు ఏదో నీడ ఉందన్నారు. ఇంటికొచ్చాం, ఇప్పుడు పడుకున్నాడు. రేపు ఏం అడగాలి?

సున్నుండ వాళ్లమ్మ | విశాఖపట్నం | ఆగస్టు 9, రాత్రి 10:01

రేపటిదాకా ఆగకండి. తీసిన నీళ్లు పారేశారా, ఉన్నాయా? ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే ఫ్రిజ్‌లో పెట్టమనండి. స్టెరాయిడ్ ఏదైనా రాశారా?

పశువైద్యం పీజీ | రాజేంద్రనగర్ | ఆగస్టు 9, రాత్రి 10:09

తెల్లగా అంటే కైలస్ ద్రవం, అంటే కొవ్వు మోసే లింఫు కారి చేరింది కావచ్చు. నీళ్లలో, రక్తంలో రెండిట్లోనూ ట్రైగ్లిజరైడ్స్ చూడమనండి, నీళ్లలో ఎక్కువుంటే అదే. గడ్డ వల్లా వస్తుంది, గుండె జబ్బు వల్లా వస్తుంది, ఏ కారణం దొరక్కుండానూ వస్తుంది. కొత్త చర్చ తెరిచి ఎక్స్‌రే పెట్టండి. అక్క అడిగిన రెండిటికీ ముందు జవాబు చెప్పండి.

తాటిబెల్లం | నెల్లూరు | ఆగస్టు 9, రాత్రి 10:22

ఫోన్ చేశాను. ఉన్నాయట. గొట్టంలో కొంచెం మిగిలిందట.